వానలకు ముందే ఇనుముకు జింక్ ప్రైమర్: తీరప్రాంతంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో షెడ్డో, మేడమీద ట్యాంకు స్టాండో ఉన్నవారు జూన్ వానలకు ముందే రంగు పని ముగించుకోవాలి. ఉప్పుగాలికి వాన తడి తోడైతే తుప్పు ఆగదు. ఆపైన అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాన్ల భయం ఉండనే ఉంది.

జింక్ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే జింక్ పొడి నిండిన అడుగు కోటు, తడిని అడ్డుకునే పొర మాత్రమే కాదు. ఇనుమును తాకి ఉన్నప్పుడు ముందుగా జింకే క్షయమవుతుంది. రంగు మీద గీతపడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింక్ తాను కరుగుతూ దాన్ని కాపాడుతుంది. ఇది జరగాలంటే జింక్ రేణువులు ఒకదానికొకటి తగులుతూ, అడుగున ఉన్న ఇనుమునూ తాకాలి. మధ్యలో తుప్పు గానీ, పాత రంగు గానీ, రెడ్ ఆక్సైడ్ గానీ ఉంటే ఆ బంధం తెగిపోతుంది. అందుకే "పాతదాని మీదే ఒక కోటు కొట్టేద్దాం" అని మేస్త్రీ అంటే దయచేసి ఒప్పుకోకండి. ఖరీదైన ప్రైమర్ కొని మామూలు రంగు పని చేయించుకున్నట్లే అవుతుంది.

ముందు జిడ్డు తుడిపించి, మంచినీళ్లతో ఉప్పు కడిగించండి. ఈ పని మానేసి బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువులను కొట్టి తుప్పు, పాత రంగు రాల్చే పని) చేయిస్తే ఉప్పు లోహం గుంటల్లోనే ఉండిపోతుంది. బ్లాస్టింగ్ ఎస్ఏ రెండున్నర (Sa 2½) స్థాయిలో, అంటే తుప్పు, పాత రంగు దాదాపు పూర్తిగా పోయి లోహం తేలేలా ఉండాలి. వైర్ బ్రష్‌తో అంత శుభ్రత రాదు. బ్లాస్టింగ్ కుదరని చోట జింక్ జోలికి పోకుండా, చేత్తో శుభ్రం చేసిన ఇనుముకు పనికొచ్చే ఎపాక్సీ మాస్టిక్ వాడటమే మేలని నా అభిప్రాయం. ఇసుకతో మాత్రం బ్లాస్టింగ్ చేయించకండి. ఆ దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. గ్రిట్ (ఉక్కు రేణువుల్లాంటివి) వాడమని ముందే షరతు పెట్టండి.

శుభ్రం చేసిన ఇనుముకు అదే రోజు, ఎర్రదనం తేలకముందే ప్రైమర్ పడాలి. ఎర్రబడితే మళ్లీ బ్లాస్టింగ్ తప్పదు. జింక్ ప్రైమర్‌లో ప్రధానంగా ఎపాక్సీ, ఇథైల్ సిలికేట్ అని రెండు రకాలున్నాయి. ఎపాక్సీ జింక్ వేసేటప్పుడు గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. ఇనుము వేడి మంచుబిందు ఉష్ణోగ్రతకంటే (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే వేడికంటే) కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. మే మధ్యాహ్నం కాలిపోతున్న రేకు మీద కొడితే థిన్నర్ గాలిలోనే ఆరిపోయి పొర పొడిపొడిగా రాలుతుంది. ఇథైల్ సిలికేట్ రకం తీరు వేరు: అది గట్టిపడటానికే తేమ కావాలి. పొడిగాలి వీచే తెలంగాణ ఎండల్లో, కోటు ఆరాక సన్నగా నీళ్లు చల్లవలసి రావచ్చు.

జింక్ బరువైనది, డబ్బా అడుగుకు చేరుతుంది. పని సాగినంతసేపూ కలుపుతూనే ఉండాలి. లేకపోతే పైన ఉత్త ద్రవం, చివర్లో ముద్ద. రంగును గట్టిపరిచే హార్డెనర్‌ను అంచనాగా కాక, కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపండి. అంచులకూ వెల్డింగ్ అతుకులకూ ముందుగా బ్రష్‌తో ఒక చేయి వేయించండి.

పొర ఆరాక సాధారణంగా 60 నుంచి 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే చాలు. మందంగా వేస్తే సిలికేట్ పొర ఎండిన చెరువులా బీటలు వారుతుంది.

పై కోటుగా నూనె ఎనామెల్ నేరుగా వేయవద్దు. జింక్‌తో అది పడక పెచ్చులూడుతుంది. ఎపాక్సీ రంగు వేసి, ఆపైన పాలీయురెథేన్ రంగు వేయించండి. ఈలోగా జింక్ మీద తెల్లటి బూజులాంటి పొడి కనిపిస్తే, కడిగి ఆరబెట్టాకే పై కోటు.

తర్వాత ఎక్కడైనా వెల్డింగ్ అవసరమైతే ముందు ఆ మేర ప్రైమర్‌ను గ్రైండర్‌తో తీసేయాలి. జింక్ పొగ పీలిస్తే కొన్ని గంటల్లోనే చలిజ్వరం వస్తుంది. వెల్డర్‌కు తగిన మాస్కు ఇవ్వండి, గాలాడే చోటనే పని చేయించండి. అతుకు చల్లారాక శుభ్రం చేసి, అక్కడ మళ్లీ జింక్ ప్రైమర్ వేయించండి.