కంటి కింద నీటి గుల్లలా? పిన్నీసు పక్కన పెట్టండి

గుంటూరులో మాది టిఫిన్ బండి. ఇరవై ఏళ్ళుగా పొద్దున అయిదింటికల్లా పెనం ముందుంటాను. నాలుగేళ్ళ క్రితం ఏప్రిల్‌లో రెండు కళ్ళ కిందా ఆవగింజంత గుల్లలు లేచాయి. మా ఆడపడుచు చూసి, "కంటికురుపు వదినా, అరచేతిలో వేలు రుద్ది కాపడం పెట్టు" అంది. కంటికురుపైతే ఎర్రగా ఉబ్బి సలుపుతుంది. వీటికి నొప్పి లేదు, దురదా లేదు.

మీకూ ఇలాంటివి ఉంటే పగటి వెలుతురులో అద్దం పట్టుకుని, చర్మం కాస్త పక్కకు లాగి చూడండి. లోపల నీళ్ళున్నట్టు నిగనిగలాడతాయి. కొన్ని లేత నీలంగా ఉంటాయి. మామూలుగా 1 నుంచి 6 మిల్లీమీటర్లు. అసలు గుర్తు వేరే ఉంది: ఎండాకాలం ఉబ్బుతాయి, చలికాలం చప్పబడతాయి. నాకైతే బండి తియ్యని రోజు సాయంత్రానికే తగ్గేవి.

నేను చేసిన తప్పు చెప్తాను. పిన్నీసు దీపం మీద కాల్చి ఒకదాన్ని గుచ్చాను. తేటగా ఒక్క చుక్క నీరొచ్చింది, చీము లేదు. గుల్ల అణిగింది. నాలుగో రోజుకి అదే చోట మళ్ళీ లేచింది. తిత్తి లోపలే ఉంటే మళ్ళీ నిండక ఏం చేస్తుంది! పైగా కంటికి అంత దగ్గర. మీరు గుచ్చకండి.

చర్మం డాక్టరు చూసి హిడ్రోసిస్టోమా అన్నారు. చెమట గ్రంథి నాళం దగ్గర నీరు చేరిన తిత్తి. అంటదు, ప్రమాదం లేదు. 1893లో రాబిన్సన్ అనే డాక్టరు దీని గురించి రాశాడట. వేడిలో పనిచేసే ఆడవాళ్ళకే ఎక్కువట. మన సంగతి అప్పుడే తెలిసిందన్నమాట!

ఒకటి రెండైతే కోసి తీస్తారు. ఎక్కువుంటే సన్న సూదితో కరెంటు పెట్టి మాడుస్తారు, లేదా లేజర్. అట్రోపిన్ పూత కూడా వాడతారు గానీ దానితో నోరు ఎండుతుంది, చూపు మసకబారుతుంది. మెడికల్ షాపులో అడిగి సొంతంగా రాసుకోవద్దు. నేను రెప్ప మీది పెద్దదాన్ని తీయించుకుని మిగతావి వదిలేశాను. ఇప్పుడు ముఖానికి పక్కనుంచి చిన్న ఫ్యాను, భుజాన తడిగుడ్డ.

గుల్ల నుంచి రక్తం కారినా, పుండు పడినా, అక్కడి రెప్పవెంట్రుకలు రాలినా, గబగబా పెరిగినా ఆలస్యం చేయొద్దు. చర్మ క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది.

ఎడమ కంటి కింద మూడు ఇంకా ఉన్నాయి. మే నెలలో పెసరట్టుకి వచ్చినవాళ్ళు అడిగితే, చెమటకాయలకి పెద్దక్కలు అని చెప్తున్నాను.