గీజర్ గుర్రుమంటోందా? ముందు నీళ్ల సంగతి చూడండి

మూడేళ్ల కిందట డిసెంబరులో మా గీజర్ విప్పిన మెకానిక్, లోపలి రాడ్డు తీసి బాత్రూం గడప మీద పెట్టాడు. పెన్సిలంత సన్నగా ఉండాల్సిన రాడ్డు ములక్కాడంత లావుంది. తట్టి చూస్తే పెంకులా మోగింది. "ఉప్పు పట్టింది సార్" అని కొత్తది బిగించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. పదకొండు నెలలకి మళ్లీ అదే కథ. ఈసారి రాలిన పెచ్చు ఒకటి వంటింట్లోకి తీసుకెళ్లి, దాని మీద అర నిమ్మచెక్క పిండాను. బుసబుసమని నురగ వచ్చింది. ఉప్పు అలా పొంగదు. అది సున్నం.

మనమంతా ఉప్పు నీళ్లు, ఉప్పు పట్టింది అంటాం గానీ, గీజర్ని తినేది కాల్షియం. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపు కంటికి కనపడవు. వేడి తగలగానే విడిపోతాయి, అందులోని కాల్షియం కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. సున్నపురాయి కూడా అదే పదార్థం. వేడి ఎక్కడ ఎక్కువుంటే అక్కడే ముందు అంటుకుంటుంది కాబట్టి దెబ్బ తినేది రాడ్డే. మా నాయనమ్మ వాళ్ల వేణ్ణీళ్ల కాగు అడుగున కూడా ఇదే తెల్ల గార ఉండేది. ఆవిడ చింతపండు గుజ్జు రాసి, కాసేపు ఆగి, కొబ్బరి పీచుతో తోమేది. పులుపుకి సున్నం లొంగుతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మొదటి పని: ఏ నీళ్లు వాడుతున్నారు?

హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకి జవాబు ఇంటికో తీరు. నల్లాలో వచ్చేవి కృష్ణా నీళ్లయినా గోదావరి నీళ్లయినా మనం మంజీరా నీళ్లనే పిలుస్తాం. నది నీళ్లు కాబట్టి బోరుతో పోలిస్తే సాధారణంగా మెత్తగానే ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో మాత్రం నల్లా, బోరు, ట్యాంకర్ మూడూ ఒకే సంపులో కలుస్తాయి. వేసవిలో బోరు అడుగంటి ట్యాంకర్లు మొదలయ్యాక ఏ రోజు ఏ నీళ్లొస్తున్నాయో వాచ్‌మన్‌కే తెలియాలి.

టీడీఎస్ మీటర్ పెట్టి నీళ్లు బాగున్నాయని తేల్చేయకండి. అది కరిగి ఉన్న లవణాలన్నిటినీ కలిపి అంచనా కడుతుంది, అందులో సున్నం ఎంతో చెప్పదు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే లెక్కని కాఠిన్యం అంటారు, అది చూసే స్ట్రిప్పులు వేరే దొరుకుతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. 400 ఉన్నాయనుకుందాం. వంద లీటర్లలో 40 గ్రాముల సున్నానికి సరిపడా సరుకు ఉన్నట్టు. అంతా రాలిపోదు గానీ, చలికాలమంతా నలుగురు స్నానం చేసే ఇంట్లో ఎంత చేరుతుందో ఊహించుకోండి. స్ట్రిప్పు లేకపోతే సీసాలో సగం నీళ్లు పోసి, కాస్త బట్టల సబ్బు తురుము వేసి కుదపండి. నురగ రాకుండా పైన తెట్టులా తేలితే అవి గట్టి నీళ్లే.

గీజర్ ఆన్ చేయగానే టకటకలు, గురగురలు

రాడ్డు మీది గార కింద కొద్దిగా నీరు చిక్కుకుని, ఆవిరై పగులుతున్న చప్పుడది. భయపడక్కర్లేదు గానీ వాయిదా వేయకూడదు. పొర మందమయ్యేకొద్దీ రాడ్డు తన వేడిని నీళ్లకివ్వలేక తనే కాలిపోతుంది.

గార పడితే కరెంటు బిల్లు రెట్టింపవుతుందని భయపెట్టి సర్వీసు అంటగట్టేవాళ్లున్నారు. నాకది నచ్చదు. రాడ్డు నీళ్లలోనే మునిగి ఉంటుంది, దాని వేడి ఎప్పటికైనా ఆ నీళ్లలోకే రావాలి. అసలు నష్టం రాడ్డు ఆయుష్షుకి.

దీనికి మందు సర్వీసింగే. ఎంసీబీ దించాలి, రెండు మూడు గంటలు చల్లారనివ్వాలి, నీళ్లొచ్చే వాల్వ్ కట్టి ట్యాంకు ఖాళీ చేయాలి, అడుగు ప్లేటు విప్పి రాడ్డు బయటికి తీయాలి. ఈ విప్పే పని మెకానిక్‌కే వదిలేయండి, కరెంటూ నీళ్లూ ఒకచోట ఉన్నాయి. మీరు పక్కన నిలబడి మూడు చూసుకోండి: రాడ్డుని స్క్రూడ్రైవర్‌తో గీకకుండా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో నానబెడుతున్నాడా, ట్యాంకు అడుగున ఇసుకలా చేరిన తెల్ల పొడి కడిగాడా, పాత గ్యాస్కెట్ మార్చాడా. మూడోది వదిలేస్తే నెలలోపు కింద నుంచి చుక్కలు మొదలవుతాయి.

నిమ్మ ఉప్పు లీటరు గోరువెచ్చటి నీళ్లకి రెండు పెద్ద చెంచాలు చాలు. మరిగే నీళ్లు పోయొద్దు. వేడి బాగా ఎక్కువైతే నిమ్మ ఉప్పు, కాల్షియం కలిసి ఇంకో కరగని తెల్ల పొర కడతాయి, మళ్లీ మొదటికొస్తుంది.

వేడెక్కడానికి చాలాసేపు పడుతోంది

అన్నిసార్లూ గార తప్పు కాదు. సాయంత్రాలు వోల్టేజి 230 నుంచి 200కి పడిపోతే గీజర్ శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ముందు ఆ టైంలో వోల్టేజి చూపించండి. వేడి బాగానే ఎక్కుతోంది, కానీ ఒక్క బకెట్‌కే అయిపోతోందా? అప్పుడు అడుగున చేరిన సున్నం చోటు తినేసిందేమో, థర్మోస్టాట్ గొట్టానికి గార పట్టి తొందరగా ఆపేస్తోందేమో అనుమానించాలి.

వేడి నీళ్లు సన్నగా వస్తున్నాయి, చన్నీళ్లు బాగానే ఉన్నాయి

నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీని గురించే. మొన్న నిజాంపేటలో ఉండే మా పిన్ని చేసింది. "గీజర్ పోయిందిరా, కొత్తది చూడు" అంది. బకెట్ పెట్టి ట్యాప్ పూర్తిగా తిప్పి చూడు పిన్నీ అన్నాను. బకెట్ ట్యాప్‌లో రెండు నీళ్లూ ధారగా వస్తున్నాయట, వాష్‌బేసిన్‌లో రెండూ సన్నమట. అంటే గీజర్‌కి సంబంధమే లేదు, అడ్డం బేసిన్ ట్యాప్ మూతిలో ఉంది.

మూతి దగ్గర ఉండే జాలీని చుట్టూ గుడ్డ చుట్టి, చేత్తోనో చిన్న ప్లయర్‌తోనో తిప్పితే ఊడొస్తుంది. పిన్ని వీడియో కాల్‌లో చూపించింది. జాలీ కన్నాల్లో సగ్గుబియ్యం గింజల్లా తెల్లటివి ఇరుక్కుని ఉన్నాయి. స్టీలు గ్లాసులో నిమ్మ ఉప్పు నీళ్లు పోసి అందులో వేయించాను. చిన్న చిన్న బుడగలు పైకి లేచాయి, అరగంటకి గ్లాసు అడుగున మడ్డి దిగింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బిగించింది. పదిహేను వేల గీజర్ మిగిలింది.

ఇంట్లో అన్ని చోట్లా వేడి నీళ్లే సన్నగా వస్తుంటే అడ్డం గీజర్ దగ్గరే ఉన్నట్టు. నీళ్లు బయటికి వచ్చే పైపు, దాని మొదట్లో మలుపు, గోడలోని యాంగిల్ వాల్వ్ చూడాలి. వేడి, చల్ల రెండూ అన్నిచోట్లా తగ్గితే మేడ మీది ట్యాంకు, పైపులైను వైపు వెళ్లండి. పై అంతస్తువాళ్లకి ట్యాంకు ఎత్తు చాలకపోయినా ఇలాగే ఉంటుంది.

షవర్ రంధ్రాలు మూసుకుపోతే తల విప్పి ఇలాగే నానబెట్టాలి. విప్పడం రాకపోతే నిమ్మ ఉప్పు నీళ్లు పోసిన ప్లాస్టిక్ కవర్ని రబ్బరు బ్యాండుతో దానికే కట్టేయండి. గంట దాటనివ్వకండి, క్రోమ్ మెరుపు పోతుంది.

ఇంకో జాగ్రత్త, ఇది మా ఇంట్లో నేనే చేసిన తప్పు. గ్లాసు తీసుకెళ్లి తాండూరు బండ పరిచిన గట్టు మీద పెట్టాను. కాస్త ఒలికింది. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాళ్లే, మార్బుల్ కూడా అంతే. పులుపు పడ్డ చోట నునుపు పోయి మసక మచ్చ మిగిలింది, ఇప్పటికీ ఉంది.

బాత్రూంలు కడిగే యాసిడ్ మాత్రం ట్యాప్‌కీ, గీజర్‌కీ దగ్గరకి రానివ్వకండి. సున్నంతో పాటు లోహాన్నీ తింటుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

గీజర్ కింద సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు

వేడెక్కేటప్పుడు మాత్రమే కాసిని చుక్కలు పడితే అది పని చేస్తోందని అర్థం. పదిహేను లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 65కి వెళ్లేసరికి దాదాపు పావు లీటరు ఉబ్బుతాయి, ఆ ఒత్తిడి ఎటో పోవాలి. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారితే, వాల్వ్ కూర్చునే చోట సున్నపు రేణువు ఇరుక్కుందన్నమాట. లేదంటే ప్రెషర్ పంపు ఒత్తిడి ఎక్కువుంది. వాల్వ్ మార్చండి, ఖరీదు తక్కువే. ఎంసీల్ పెట్టి మూసేసిన ఇళ్లు చూశాను. గోడకి బాంబు తగిలించుకున్నట్టే.

తాకితే జివ్వుమంటోంది, ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది

ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్. ఇక్కడ సొంత వైద్యం లేదు. రాడ్డు పైపొర చిట్లి కరెంటు నీళ్లలోకి దిగుతోంది. మెయిన్ ఆపండి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ బాత్రూంలో స్నానం మానండి. ఎర్తింగ్ కూడా చూపించండి.

ఎర్ర నీళ్లు, కుళ్లిన గుడ్ల వాసన

ట్యాంకులో మెగ్నీషియం రాడ్డు ఒకటి ఉంటుంది, పేరు యానోడ్. ట్యాంకు తుప్పు పట్టకుండా తను కరిగిపోవడమే దాని పని. అది అరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది, నీళ్లు ఎర్రబడతాయి. వాసన వస్తుంటే బ్యాక్టీరియా పని కావచ్చు. ఎక్కువ రోజులు వాడకుండా వదిలేసిన గీజర్లలో ఇది మామూలే. యానోడ్ మార్చి, ట్యాంకు కడిగించి, ఒకసారి పూర్తి వేడి పెట్టి ఆ నీళ్లు వదిలేయండి. బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి యానోడ్ చూపించుకోవాలి. అడిగితే తప్ప మెకానిక్‌లు దాన్ని ముట్టుకోరు.

సింకు పక్కన మరిగే నీళ్ల ట్యాప్ ఉన్నవాళ్లకి

ఆఫీసు ప్యాంట్రీల్లో ఉండేవి ఇప్పుడు కొత్త మాడ్యులర్ కిచెన్లలోకీ వస్తున్నాయి. సింకు కింద చిన్న ట్యాంకు, పైన ట్యాప్, తిప్పగానే టీకి సరిపడా వేడి. గీజర్ కన్నా వేడి ఎక్కువ కాబట్టి గార కూడా తొందరగా పడుతుంది.

వీటి మీద వచ్చే మొదటి ఫిర్యాదు నీళ్లు చిమ్ముతున్నాయని, ట్యాప్ ఊరికే ఆవిరి కక్కుతోందని. గారే అయ్యుండొచ్చు గానీ, ముందు సెట్టింగ్ చూడండి. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకి పైన ఉంది. ఇక్కడ నీళ్లు వందకి కాదు, 98 డిగ్రీలు దాటగానే మరుగుతాయి. వందకి పెడితే ట్యాంకు ఎప్పుడూ మరుగుతూనే ఉంటుంది, ఆవిరి ట్యాప్‌లోంచి తన్నుకొస్తుంది. 95కి తగ్గించి రెండు రోజులు చూడండి. ఫిల్టర్ కాఫీకీ, చాయ్‌కీ అది చాలు.

అప్పటికీ చిమ్మితే మూతి జాలీ విప్పి నానబెట్టండి. ధార తగ్గి, చప్పుడు పెరిగితే ట్యాంకు లోపల గార చేరినట్టు. స్విచ్ ఆపి, నీళ్లు చల్లగా వచ్చేదాకా వదిలి, కంపెనీ చెప్పిన మందుతో, చెప్పినంతసేపే కడగాలి. తర్వాత రెండు మూడు ట్యాంకుల నీళ్లు పారబోయాలి. ఇందులో ఫిల్టర్ ఉంటుంది, దాని మీద రాసిన గడువు మెత్తటి నీళ్ల లెక్క. బోరు నీళ్లయితే అంతకంటే ముందే మార్చాలి. ఆర్వో నీళ్లు కలపాలనుకుంటే మాన్యువల్ చూడండి, కొన్ని మోడళ్లకి పడవు.

రాకుండా చేసుకోవడం

గీజర్ నాబ్ 75 దగ్గర కాకుండా 55, 60 మధ్య పెట్టుకోండి, వేడి తగ్గితే రాలే సున్నం తగ్గుతుంది. స్నానానికి పావుగంట ముందు ఆన్ చేసి, తర్వాత ఆపేయండి. బోరు నీళ్ల ఇంట్లో ఏటా దసరా దాటాక, చలి మొదలవకముందే సర్వీసు చేయించుకుంటే మంచిది, డిసెంబరులో మెకానిక్‌లు ఫోనెత్తరు.

కాఠిన్యం 400 దాటితే ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ పెట్టించడం నిజంగా పనిచేసే ఉపాయం. లోపలి రెసిన్ కాల్షియం పట్టుకుని సోడియం వదులుతుంది. ఆ నీళ్లు స్నానానికి, బట్టలకి సరే, తాగడానికి వద్దు. ఉప్పు వేసి కడగడం మరిచిపోతే ఖాళీ డబ్బాతో సమానం. పైపుకి చుట్టే అయస్కాంతాలు కొనమని ఎవరైనా వస్తే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ట్యాంకు ఒంటి నుంచే నీళ్లు కారితే మాత్రం రిపేరు లేదు, మార్చడమే. కొత్తది కొనేటప్పుడు ట్యాంకు వారంటీ ఎన్నేళ్లు, రాడ్డు వారంటీ ఎన్నేళ్లు అని వేరువేరుగా అడగండి, షాపులో చెప్పేది ఎప్పుడూ మొదటిదే. సున్నం పట్టిన రాడ్డుకి వారంటీ వర్తిస్తుందో లేదో కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, బిల్లు కట్టకముందే చదవండి.