బడిలో ఏడిపింపులకు గురవుతున్న పిల్లలతో ఇంట్లో మెలగవలసిన తీరు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, కన్నడం సరిగా రాదనో, ఒళ్ళూ రంగూ బాగాలేవనో బడిలో మొదలైన వెక్కిరింత తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులోకి చేరిందంటే, ఇంటికి వచ్చాక కూడా బిడ్డను వదలదు. ఆదివారం సాయంత్రం కాగానే కడుపునొప్పి రావడం, టిఫిన్ డబ్బా మూత తీయకుండానే తిరిగి రావడం పదేపదే కనిపిస్తే కదిలించి అడగాలి.

ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేస్తే బడికి వెళ్ళే వయసు పిల్లలు నోరు విప్పరు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, పక్కన చేరి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో “ఈ మధ్య స్కూలు వ్యానులో ఎవరి పక్కన కూర్చుంటున్నావు?” అని మొదలుపెడితే మాట సాగుతుంది. “నువ్వేం చేస్తే వాళ్ళు అలా అన్నారు?” అని అమ్మ, “నువ్వూ రెండు తగిలించలేకపోయావా?” అని నాన్న అనడం మన ఇళ్ళలో మామూలే గాని, మొదటి మాట తప్పును బిడ్డ మీదికి నెడుతుంది, రెండోది చేతకానివాడివన్న ముద్రను ఇంట్లోనూ వేస్తుంది. “చెప్పి మంచి పని చేశావు, ఏం చేసినా నీకు చెప్పే చేస్తాను” అంటే ఆ రోజుకు చాలు.

ఫోన్ లాక్కోవద్దు; అది పోతుందన్న భయంతోనే చాలామంది విషయం దాస్తారు. సందేశాలను చెరిపేయకముందే తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి. అనంతపురంలోని అమ్మమ్మకూ, బంధువుల గ్రూపుకూ బిడ్డ ఒప్పుకుంటేనే చెప్పాలి. “ఎవరో ఏడిపిస్తున్నారటగా నాన్నా” అని వరసగా వచ్చే పరామర్శలు, అవి ఎంత ప్రేమతో చేసినవైనా, గాయాన్ని కెలుకుతాయి.

బడికి ఫోను చేసి ఊరుకోక, జరిగినవన్నీ తేదీల వారీగా రాసి క్లాస్ టీచరుకూ ప్రిన్సిపాలుకూ ఈ-మెయిల్ పంపాలి. సీబీఎస్ఈ 2015లోనే బడుల్లో వేధింపుల నివారణ కమిటీలు ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది కనుక, ఆ బోర్డు బడి అయితే కమిటీ గురించి అడగవచ్చు. అవతలి పిల్లవాడు మీ అపార్ట్‌మెంటులోనే ఉన్నా, నేరుగా వాళ్ళింటి తలుపు తట్టడం నా ఉద్దేశంలో మంచిది కాదు. అది పెద్దల తగవుగా మారి, మరునాడు వ్యానులో మీ బిడ్డకే చుట్టుకుంటుంది.

నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్‌కు, 14416 నంబరులో, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని బిడ్డ అంటే, ఆ ఆలోచన గురించి సూటిగా అడగాలి; అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని మందులూ పురుగుల మందులూ తాళం వేసి, రాత్రయినా సరే హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి. “అది పిచ్చాసుపత్రి కదా” అని ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డుపడినా ఆగవద్దు. బిడ్డతో విడిగా మాట్లాడతామని అక్కడి డాక్టరు అంటే, తల్లిదండ్రులు బయట కూర్చోవాలి.