కారు స్టీరియో ఇంట్లోనే మార్చుకుంటున్నారా? ఎండలు ముదరకముందే ఈ జాగ్రత్తలు

సంక్రాంతి ఆఫర్‌లో కొన్న ఆండ్రాయిడ్ స్టీరియో ఇంకా డబ్బాలోనే ఉంటే, మన కర్నూలు, అనంతపురం, కడప వైపు దాన్ని బిగించుకోవడానికి ఫిబ్రవరి మంచి నెల. ఉగాది దాటాక మధ్యాహ్నం పూట కారులో కూర్చోవడమే గగనం, ఇక తల డ్యాష్‌బోర్డ్ లోపలికి దూర్చి వైర్లు వెతకడం అయ్యే పని కాదు. పైగా తొందరలో పని చెడుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బయట 42, 43 డిగ్రీలున్న రోజున అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ముందు అద్దం కిందుండే డ్యాష్‌బోర్డ్ పైభాగం ఇంకా కాలిపోతుంది. మనం మామూలుగా వాడే నల్ల ఇన్సులేషన్ టేపుకుండే జిగురు ఆ వేడికి కరిగి కారుతుంది, టేపు మెల్లగా విప్పుకుంటుంది, లోపల మెలిపెట్టిన రాగి తీగ బయటపడుతుంది. చలికాలంలో శుభ్రంగా పాటలు పాడిన సెట్టు మే నెలలో ఉన్నట్టుండి ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి ఏ జాయింటు వేసినా మే నెల మధ్యాహ్నాన్ని తలుచుకుని వేయండి.

ముందు మీ కారు సంగతి

పాత ఆల్టో, వ్యాగనార్, శాంట్రో, ఇండికా లాంటి బండ్లలో ఈ పని ఓపికున్న ఎవరైనా చేసుకోవచ్చు. వాటిలో స్టీరియో విడిగా ఉంటుంది, తీసేసినా మిగతా బండికి తెలియదు. సన్నగా ఉండే సింగిల్ డిన్ సెట్టు ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ అదే వెడల్పుతో 100 ఎత్తు. తొమ్మిది అంగుళాల స్క్రీన్ అయితే ఆ రంధ్రంలో నేరుగా కూర్చోదు, మీ మోడల్‌కి సరిపోయే ఫ్రేమ్ వేరే కొనాలి. ఫ్రేమ్ లేకుండా డబుల్ టేపుతో అతికించే వాళ్లున్నారు. దాని సంగతి కూడా మే నెలే తేలుస్తుంది.

కొత్త బండ్ల లెక్క వేరు. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా బండ్లనే తీసుకోండి, పై వేరియంట్లలో ఆ స్క్రీన్ పాటలకు మాత్రమే కాదు, కెమెరా, ఫోన్ యాప్, బండి సెట్టింగులు అన్నీ దాంతో ముడిపడి ఉంటాయి. ఏ కంపెనీ బండైనా ఇలాంటి స్క్రీన్ ఉంటే, వారంటీలో ఉంటే, ఇంట్లో విప్పకపోవడమే మేలని నా అభిప్రాయం. వైరు కోసిన బండికి ఎలక్ట్రికల్ వారంటీ అడగబోతే షోరూమ్‌లో ముందు ఆ కోతనే చూపిస్తారు.

స్టీరియోతో పాటు మీ కారుకు సరిపోయే కప్లర్ కచ్చితంగా కొనండి. ఒకవైపు కారు సాకెట్‌లోకి, మరోవైపు కొత్త సెట్టులోకి వెళ్లే రెడీమేడ్ వైరింగ్ అది. షాపులో మోడల్ పేరు చెబితే సరిపోదు, ఏ సంవత్సరం, ఏ వేరియంట్ అన్నది కూడా చెప్పాలి. స్టీరింగ్ మీద బటన్లుంటే అవి పనిచేసే కప్లర్ కావాలని అడగండి. ‘కప్లర్ ఎందుకన్నా, కట్ చేసి కలిపేద్దాం, రెండు నిమిషాల పని’ అనేవాళ్లు ఎదురవుతారు. ఆ రెండు నిమిషాల పనే తర్వాత రెండు వేల ఖర్చు తెస్తుంది. కంపెనీ వైరింగ్‌ను కొయ్యకుండా వదిలేస్తే, రేపు కొత్త సెట్టు నచ్చకపోయినా పాతది పది నిమిషాల్లో తిరిగి పెట్టుకోవచ్చు.

బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్

పాత సెట్టు కోడ్ అడిగే రకమా అన్నది బ్యాటరీ తీయకముందే చూసుకోండి. కొన్ని కంపెనీల స్టీరియోలు కరెంటు పోయి వస్తే నాలుగంకెల కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ బండి పుస్తకంతో వచ్చిన కార్డు మీద ఉండొచ్చు. పాతది మళ్లీ పెట్టాల్సి వస్తే అది లేకుండా మోగదు.

బండిని నీడలో, చదునైన చోట ఆపండి. హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు పెట్టండి. గేరు కడ్డీ అడ్డం వస్తుందనుకుంటే దాన్ని కిందికి లాగే పని ఇప్పుడే చేయాలి, ఆటోమేటిక్ బండైతే కరెంటు పోయాక గేరు కదలదు. తాళం చెవి జేబులో ఉండాలి, డ్రైవర్ అద్దం దించి ఉండాలి. బ్యాటరీ మళ్లీ తగిలించగానే కొన్ని బండ్లలో డోర్లు లాక్ పడతాయి.

తర్వాత పదో నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ వైరు తీయండి. మైనస్సే ముందు, బిగించేటప్పుడు మైనస్సే చివర. దీనికి కారణం తెలిస్తే మరిచిపోరు. కారు ఇనుప బాడీ అంతా మైనస్‌తో కలిసి ఉంటుంది. ప్లస్ ముందు విప్పుతుంటే పానా రెండో కొస బానెట్‌కో, పక్కనున్న ఇనుప కమ్మీకో తగిలిందంటే బ్యాటరీ మొత్తం పానా గుండా షార్ట్ అవుతుంది. మైనస్ తీసేశాక ప్లస్ దగ్గర పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. ఉంగరం, చేతి కడియం తీసి పక్కన పెట్టండి. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ వైరు పీకి ‘డైనమో పరీక్ష’ చేసే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. ఎలక్ట్రానిక్స్ ఉన్న ఏ బండిలోనూ ఆ పని చేయకండి.

మైనస్ తీసిన వెంటనే డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి వేయొద్దు. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కొంతసేపు ఛార్జ్ నిలిచి ఉంటుంది. ఎంతసేపు ఆగాలన్నది బండి పుస్తకంలో ఉంటుంది, లేకుంటే పది నిమిషాలు ఆగండి, టీ తాగేంత సమయమే. లోపల పసుపు రంగు సాకెట్లు, పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని విప్పొద్దు, వాటికి మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే మీటర్) పెట్టొద్దు, టెస్ట్ బల్బు అసలే పెట్టొద్దు. కొత్త వైర్లు ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీదుగా లాగొద్దు. బ్లూటూత్ మైకు వైరును ముందు అద్దం పక్క స్తంభం గుండా తీసుకెళ్లే పనైతే, అక్కడ ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే మైకును స్టీరింగ్ దగ్గరే పెట్టుకోండి, మాట బాగానే వినిపిస్తుంది.

విప్పేటప్పుడు

చలి ఉదయం ప్లాస్టిక్ పెళుసుగా ఉండి క్లిప్పులు విరుగుతాయి, మిట్టమధ్యాహ్నం మెత్తబడి పట్టీలు వంగిపోతాయి. తొమ్మిది, పది గంటల మధ్య సరైన వేళ. స్క్రూడ్రైవర్ కొసతో పెకలించొద్దు, దీనికోసమే ప్లాస్టిక్ పనిముట్లు దొరుకుతాయి, చవకే. చుట్టూ కాగితం టేపు అతికిస్తే గీతలు పడవు. గేరు మీద పాత తువ్వాలు పరవండి. వాకిట్లో కడప బండలుంటే కింద పడిన స్క్రూ కనిపిస్తుంది కానీ, గేరు పక్క సందులోకి జారినది ఆ కారును వదిలిపోదు. ప్రతి సాకెట్ విప్పేముందు ఫోన్‌లో ఒక ఫోటో తీయండి. పట్టీ రాకపోతే ఇంకో స్క్రూ ఎక్కడో దాగుందని అర్థం, బలం పెంచకండి. లోపలి ఇనుప అంచులు బ్లేడులా కోస్తాయి, చేతులు జాగ్రత్త.

అసలు పని వైర్లది

కొత్త సెట్టు వైపు రంగులు చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటాయి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే 12 వోల్టుల వైరు, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకర్, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ప్రతి జతలో నల్ల గీత ఉన్నది మైనస్. కారు వైపు రంగులు మాత్రం కంపెనీకో తీరు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలో మామూలు సాకెట్‌తో పోలిస్తే ఎప్పుడూ ఉండే కరెంటు, తాళం కరెంటు పిన్నులు తారుమారుగా ఉంటాయి. అలాగే పెట్టేస్తే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు సెట్టింగులన్నీ మరిచిపోతుంది. అందుకే రంగును నమ్మకుండా మల్టీమీటర్‌తో చూడాలి. దీనికి కాసేపు బ్యాటరీ తగిలించక తప్పదు. ఆ సమయంలో విడి వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా టేపు చుట్టి ఉంచండి, కొలిచాక మళ్లీ మైనస్ తీసేయండి.

స్పీకర్ మైనస్‌ను బాడీకి ఎర్త్ చేయడం ఒకప్పటి పద్ధతి. ఇప్పటి సెట్లు స్పీకర్ రెండు వైర్లనూ నడిపిస్తాయి, వాటిలో ఏది ఇనుముకు తగిలినా లోపలి ఐసీ కాలిపోవచ్చు. డబ్బా మీద ‘50 వాట్స్ ఇంటూ 4’ అని చూసి మురిసిపోనక్కర్లేదు, అది క్షణకాలపు లెక్క. నికరంగా ఒక్కో స్పీకర్‌కు 20 వాట్ల చుట్టుపక్కల వస్తే గొప్ప.

కప్లర్ ఉన్నా ఒకటి రెండు జాయింట్లు తప్పవు. వైరు పూత అంగుళంలో సగం తీసి, ముందుగా ఒక వైరుకు హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. చాలామంది జాయింటు అయ్యాక దీన్ని గుర్తు చేసుకుంటారు. తీగలు రెండూ ఎదురెదురుగా మెలిపెట్టి సోల్డరింగ్ చేయండి, సీసం పైన ముద్దగా నిలవకుండా తీగల్లోకి ఇంకాలి. చల్లారాక గొట్టం దాని మీదికి జరిపి వేడి చూపిస్తే వైరును గట్టిగా పట్టుకుంటుంది. సోల్డరింగ్ రాకపోతే వైరు మీద నొక్కి బిగించే మంచి క్రింప్ కనెక్టర్, సరైన ప్లయర్ వాడండి, అదీ మన్నుతుంది. జాయింటు వేశాక రెండువైపులా గట్టిగా లాగి చూడండి. చేతికి ఊడేది మన గుంతల రోడ్లకు ఊడకుండా ఉండదు. కప్లర్ వైర్లన్నిటికీ గుడ్డ టేపు చుట్టి, ఇనుప అంచులకు దూరంగా కట్టేయండి. సెట్టు వెనకుండే అల్యూమినియం రేకుల భాగం బాగా వేడెక్కుతుంది, వైర్ల కట్టను దానికి ఆనించి కుక్కితే గాలి ఆడదు, పూత మెత్తబడుతుంది. కట్టను కిందికి దించండి.

ఎర్త్‌ను రంగు వేసిన స్క్రూకు కాకుండా కంపెనీ ఇచ్చిన ఎర్త్ వైరుకే కలపండి. పక్క బ్రాకెట్లకు పాత సెట్టుకున్న పొట్టి స్క్రూలే వాడండి. డబ్బాలో దొరికిన పొడవు స్క్రూ బిగిస్తే దాని కొస లోపలి బోర్డును తాకుతుంది. సెట్టు చెడిపోయినట్టు కనిపిస్తుంది, విప్పితే బోర్డులో రంధ్రం.

ఫ్యూజు పోతే ఎందుకు పోయిందో చూడాలి. 10 ఆంప్స్ చోట 20 పెట్టడం, ఇంటి ఫ్యూజుకు చుట్టినట్టు రాగి పోగు చుట్టడం నిప్పును పిలిచినట్టే. బూఫర్ కోసం విడిగా యాంప్లిఫైయర్ పెడితే దాని ప్లస్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, ఇంజన్ వైపు నుంచి కారు లోపలికి ఇనుప గోడ దాటే చోట రబ్బరు బుష్ ఉండాలి. ఆ పని తెలియకపోతే కారు ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్త్ చేసి నడుస్తుండగా వీడియో వచ్చేలా చేయమని చాలామంది చెబుతారు. 44వ నంబరు హైవే మీద స్క్రీన్ వైపు చూస్తూ నడిపేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు, మీరు ఇంకొకరు కావొద్దు.

మూసేముందు చూడాల్సినవి

సెట్టును రంధ్రంలోకి నెట్టకముందే పరీక్ష చేయండి. బానెట్ దగ్గర పదో పానాతో ఒకరిని నిలబెట్టండి, కాలిన వాసన వచ్చిందంటే మాట లేకుండా మైనస్ తీసేయాలి. ఇంజన్ వేయకుండా తాళం ఒక మెట్టు మాత్రం తిప్పండి. బ్యాలెన్స్ ఎడమ, కుడి, ముందు, వెనక జరిపి ఒక్కో స్పీకర్‌నే వినండి. ఎఫ్‌ఎంలో ఆకాశవాణి పెట్టండి. పాత సెట్టులో శుభ్రంగా వచ్చిన కేంద్రం ఇప్పుడు గరగరలాడితే యాంటెన్నా బూస్టర్‌కు కరెంటు అందడం లేదేమో చూడండి, నీలం వైరు దానికే. డబుల్ ఇండికేటర్ స్విచ్, ఏసీ, హారన్, రివర్స్ కెమెరా కూడా ఇప్పుడే చూడాలి.

తాళం ఆన్ చేశాక మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో సాకెట్ కదిలిందని అర్థం. దాన్ని వెతుకుతూ కూర్చోకుండా సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించండి, ఆ దీపం వెలుగుతున్నంతకాలం గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

తాళం తీశాక సెట్టు నిజంగా నిద్రపోతోందా అన్నది చివరి పరీక్ష. స్క్రీన్ ఆరినంత మాత్రాన కరెంటు లాగడం ఆగినట్టు కాదు. చిన్న పెట్రోల్ బండ్లలో బ్యాటరీ చాలావరకు 35 ఆంపియర్ అవర్‌ది. సెట్టు నిద్రలో 100 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు 2.4, పది రోజులు ఊరెళ్లొస్తే 24 పోతుంది, ఇక స్టార్టర్ తిరగదు. తాళం తీసి, డోర్లన్నీ మూసి, అరగంట ఆగాక మైనస్ వైరుకు, బ్యాటరీకి మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే సరే. మీటర్ తగిలించి ఉండగా తాళం తిప్పొద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది. ఎక్కువ చూపిస్తే సెట్టు సెట్టింగుల్లో స్లీప్ సమయం తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే ఎరుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి కలిసిందేమో వెతకండి.

పాత సెట్టు, దాని బ్రాకెట్లు, స్క్రూలు ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మే రోజున కొత్త సెట్టును తీసుకుని పాతది బిగించి ఇవ్వొచ్చు.