గుణింతం పట్టుకుని ఇంగ్లీషు చదివించాను

మాది నరసన్నపేట దగ్గర ఊరి బడి. రెండో తరగతి పిల్లలు ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్పేవారు. అదే మాటను బోర్డు మీద విడిగా రాస్తే మాత్రం నీళ్లు నమిలేవారు. కొందరైతే మాట కింద తెలుగులో రాసుకుని దాన్నే చదివేవారు. 2020 నుంచి వస్తున్న పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా, చూపు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

అక్షరాల పేర్లు పక్కనపెట్టి శబ్దాలతో మొదలుపెట్టాను. పీ, ఐ, ఎన్ అని ఎంత వల్లించినా 'పిన్' రాదు మరి. ఇలా అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పే పద్ధతిని ఫోనిక్స్ అంటారు. అందులో చాలామంది ముందుగా ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ నేర్పుతారు. ఈ ఆరింటితోనే టిన్, ట్యాప్, ప్యాన్ లాంటి మాటలు బోలెడు. శబ్దాలు వచ్చాయి గానీ కలపడం దగ్గర ఆగిపోయారు. అక్కడ గుణింతం అక్కరకొచ్చింది. 'ప్'కి 'ఇ' చేరిస్తే 'పి' అని మా గుంటలకు ముందే తెలుసు. దాని చివర 'న్' పొల్లు తగిలించడమే. మూడు ముక్కలూ విడివిడిగా కలపడం కంటే ఇది తేలికైంది.

ఇంకో తంటా చివరి ఉకారం: పిన్ను, ట్యాపు. ఇళ్లలో అందరూ అలాగే అంటారు, తప్పేం లేదు. కానీ రాసేటప్పుడు చివర 'యూ' వచ్చి కూర్చుంటోంది. పొల్లు రాగానే పిడికిలి బిగించమన్నాను. ఆటలా పట్టేశారు.

'సెడ్' (said), 'వాజ్' (was) లాంటివి రాసినట్టు పలకవు, ఈ లెక్కకు లొంగవు. వాటిని అట్టముక్కల మీద రాసి గోడకు అంటించి, చూపుతోనే గుర్తుపట్టిస్తున్నాను. చివర 'ఈ' ఉండీ పలకని మాటలు ఇంకా మొదలుపెట్టలేదు.