మసాయి మారా వెళ్లేముందు

మసాయి మారా కెన్యాలోని వన్యప్రాణుల అభయారణ్యం. జూలై నుంచి అక్టోబర్ దాకా అక్కడ సఫారీ సీజన్. టికెట్లు బుక్ చేసేశారా? అయితే ఇవి చూసుకోండి.

యెల్లో ఫీవర్ టీకా: ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి, సర్టిఫికెట్ చెల్లేది ఆ తర్వాతే. లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రతి ఆస్పత్రిలోనూ వేయరు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. గుడ్డు పడనివాళ్లు, 60 దాటినవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

సర్టిఫికెట్‌పై పాస్‌పోర్టు నంబరు: టీకా వేసినచోటే సరిచూసుకోండి.

మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు: ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు వాడాలి. చాలామంది మధ్యలో మానేసేది ఇక్కడే.

ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు: సెట్సీ ఈగలు (ఆఫ్రికాలో ఉండే కుట్టే ఈగలు) వాటికే ఎగబడతాయి. (జీన్స్ కూడా!)

తిరిగొచ్చాక జ్వరం: వైరలే అనుకోవద్దు. ఆఫ్రికా వెళ్లొచ్చామని చెప్పి, అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి.