ఫోర్ వీల్ వేసినా ముందు చక్రాలు తిరగలేదు

బురదలో ట్రక్కు దిగబడింది. ముందు చక్రాల మధ్యలో ఉండే రెండు హబ్బులూ (చక్రాన్ని, దాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్‌నూ కలిపే, విడదీసే భాగాలు) డయల్‌తో లాక్‌కి తిప్పి, లోపల లివర్ ఫోర్ వీల్‌లో వేశాను. వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి, ముందువి మాత్రం కదల్లేదు. గేర్ బాక్స్ పోయిందేమోనని ఒకటే టెన్షన్.

ఎలాగో బయటపడ్డాక ముందు భాగం జాకీ మీద లేపాను. కుడి చక్రం చేత్తో తిప్పితే లోపలి యాక్సిల్ షాఫ్ట్ కూడా తిరిగింది. ఎడమవైపు చక్రం ఒక్కటే తిరిగింది. అంటే ఆ హబ్బు లాక్ కాలేదు. ఒక్క వైపు వదులుగా ఉన్నా డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్లు) బలమంతా అటే పోతుంది, లాక్ అయిన చక్రానికీ ఏమీ మిగలదు.

ఆ హబ్బు మూత బోల్టులు విప్పి చూస్తే లోపల గ్రీజు ఎండి జిగురులా పట్టేసింది. అది వేసింది నేనే, పిడికెడు! డయల్ తిరిగినా, లోపల చక్రాన్ని షాఫ్ట్‌తో కలిపే పళ్ల రింగు జరగట్లేదు. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, ఈసారి పల్చగా రాశాను. లాక్ చిటుక్కున పడింది.

డయల్ బిగుసుకుపోతే పట్టకారు పెట్టకండి, దాని చెవి విరుగుతుంది. బండిని కాస్త ముందుకో వెనక్కో జరిపితే పళ్లు కలుస్తాయి. హబ్బు లాక్ తీసేటప్పుడు ముందు టూ వీల్‌లోకి మార్చి, కొన్ని అడుగులు రివర్స్ వెళ్తే సులువుగా వదులుతుంది. మళ్లీ పట్టేయకుండా ఇప్పుడు నెలకోసారి హబ్బులు లాక్ చేసి, టూ వీల్‌లోనే కొన్ని కిలోమీటర్లు నడుపుతున్నాను.